ఐసు పెట్టెలో రెండు సీసాలు

ఒకే ఒక్క ఉదయాన, ఒకే ఒక్క థర్మాకోల్ పెట్టెతో, ఎనిమిది నెలల కూతుర్నీ, రెండెకరాల రొయ్యల చెరువునీ, బందరులో ఒక పిల్లల డాక్టరమ్మగారి మతినీ కలిపి ప్రమాదంలో పడేసిన ఘనుడు మన కృష్ణా జిల్లాలో ఎవరైనా ఉన్నాడా అంటే, ఉన్నాడు. ఈ ముక్కలు రాస్తున్నది ఆయనే. నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది. మా కృత్తివెన్నులో టీ కొట్టు ముందు నుంచి ఇప్పటికీ బండి స్పీడు పెంచి వెళ్తాను.

అప్పటికి నాది మూడో పంట. మూడో పంట మీదున్న రొయ్యల రైతంత ప్రమాదకరమైన మనిషి లోకంలో ఉండడు. వాడికి అన్నీ తెలుసు. ముఖ్యంగా శాంపిల్ తీయడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. చెరువు నీళ్ళు ఏ మూలన ముంచాలి, ఎండ తగలకుండా ఎలా తేవాలి, ల్యాబుకి ఎంత త్వరగా అందించాలి... అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా పాప ఆద్యకి జ్వరం వచ్చింది. దగ్గు లేదు, జలుబు లేదు. మందు వేస్తే కాస్త తగ్గి, మళ్ళీ ఒళ్ళు కాలిపోయేది. పాలు తాగదు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. నేనూ, నా భార్య శిరీషా పాపని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం.

బందరులో డాక్టరమ్మగారు పాపని అంతా చూసి, "కారణం కనిపించని జ్వరమండీ. ఈ వయసు పిల్లలకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇలాగే ఉంటుంది. మంటగా ఉందని నోరు తెరిచి చెప్పలేరు కదా! వదిలేస్తే కిడ్నీల మీద పడుతుంది. యూరిన్ పరీక్ష చెయ్యాలి" అన్నారు.

సీసా పట్టుకుని అక్కడే కూర్చున్నాం. ల్యాబు మూసేవరకూ మా పాప ఒక్క చుక్క రాల్చలేదు. ఇంటికొచ్చే ఆటోలో మాత్రం నా ఒడి తడిపేసింది.

"రేపు పొద్దున్నే ఇంట్లో పట్టి తెచ్చేయండి" అని డాక్టరమ్మగారు ముందే చెప్పి ఉన్నారు. "శుభ్రంగా కడిగి, మొదటి చుక్కలు వదిలేసి, మిగతాది నేరుగా సీసాలో పట్టాలి. ఐసులో పెట్టి తీసుకురండి. డైపర్ పిండి తెచ్చారంటే ఊరుకోను."

కిడ్నీలన్న మాట విన్నప్పట్నుంచి శిరీష మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను మాత్రం ఛాతీ విరిచి, "శాంపిల్ సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఆ ముక్క అనకపోయి ఉంటే ఈ వేళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

తెల్లారగానే హాల్లో చాప వేసి యుద్ధం మొదలుపెట్టాం. శిరీష తడి దూదితో పాప పొత్తికడుపు మీద మెల్లగా రాస్తోంది. అత్తయ్యగారు పక్కన కూర్చుని "స్‌స్‌స్" అని ఈల వేస్తున్నారు. నేను సీసా పట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నాను.

"అల్లుడుగారూ, కాస్త వెనక్కి జరగండి. మీ మీసం చూసి పిల్ల బిగబట్టేసింది."

"శాంపిల్ ఎలా తీయాలో నాకు తెలుసండీ."

"తెలుసు లెండి. ఇది చెరువు కాదు మరి."

మొదటి సీసాని పాప కాలితో తన్నింది. రెండో సీసాలో పడింది. ముగ్గురం కేక పెట్టాం. ఎందుకైనా మంచిదని నేను కొన్న సీసాల్లో ఇంకొకటి మిగిలింది. ఆ రోజే చెరువు నీళ్ళు కూడా ఆక్వా ల్యాబుకి ఇవ్వాలి. కూల్‌డ్రింక్ సీసాల్లో తేవద్దని ల్యాబు ప్రసాదు ఎప్పుడూ పోరు పెడుతుంటాడు. ఇంత శుభ్రమైన సీసా చేతిలో ఉంటే ఊరుకుంటానా? పరుగున వెళ్ళి చెరువు నీళ్ళు ముంచుకొచ్చాను.

పాప సీసా నలుగురూ చూడకూడదని శిరీష నల్ల కవరులో చుట్టింది. చెరువు సీసాకి ఎండ తగలకూడదని నేనూ నల్ల కవరులోనే చుట్టి, రెండూ థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టాను.

"ఏవండీ, పేర్లు రాయండి" అంది శిరీష.

"నా కూతురిది నాకు తెలియదా? ఎడం పక్కది పాపది, కుడి పక్కది చెరువుది" అన్నాను. పెట్టెని బండి వెనక కట్టేటప్పుడు అటూ ఇటూ తిప్పానన్న సంగతి నా మేధస్సుకి తట్టలేదు. బందరులో ఒక కవరు ఆస్పత్రి ల్యాబులో ఇచ్చాను, రెండోది ప్రసాదుకి ఇచ్చాను. తర్వాత శిరీష, అత్తయ్యగారు పాపతో వస్తే ఆస్పత్రి వరండాలో కూర్చున్నాం.

ముందు ప్రసాదు ఫోన్ చేశాడు.

"అన్నా, కూర్చున్నావా? లేకపోతే కూర్చో. నీ చెరువులో అమ్మోనియా... నా దగ్గరున్న రంగుల పట్టీలో చివరి రంగు కూడా దాటిపోయింది, నీ నీళ్ళు ఇంకా ముదురుతూనే ఉన్నాయి!"

"పోయిన వారం బాగానే ఉందిగా?"

"పోయిన వారం సంగతి వదిలెయ్. వాసన కూడా చూశాను. అడుగున ఏదో కుళ్ళింది. రొయ్య బతికే ఉందా?"

"పొద్దున మేత చూసే చెక్ ట్రేలో ఎగురుతున్నాయి!"

"అది ఎగరడం కాదన్నా, కొట్టుకోవడం. సాయంత్రంలోపు రొయ్యలన్నీ పట్టించెయ్."

చెరువు దగ్గరున్న బావమరిది వంశీకి ఫోన్ చేసి, పట్టుబడి వాళ్ళని పిలిచి వల వేయించమన్నాను. "రొయ్యలు ఇంకా వేలెడు కూడా లేవు కదా బావా!" అని వాడు ఏడుపు గొంతుతో అంటుంటే కసిరి ఫోన్ పెట్టేశాను. అంతలో డాక్టరమ్మగారు లోపలికి పిలిచారు.

ఆవిడ పక్కన సీసా పట్టుకుని ల్యాబు టెక్నీషియన్ దెయ్యాన్ని చూసినవాడిలా నిలబడి ఉన్నాడు.

"పాపకి ఏ నీళ్ళు పడుతున్నారు?"

"కాచి చల్లార్చినవేనండీ" అంది శిరీష.

"మైక్రోస్కోపులో పచ్చగా ఏవో ఉన్నాయమ్మా. అవి... ఈదుతున్నాయి."

"ఈదుతున్నాయా!" అత్తయ్యగారు కుర్చీలో కూలబడ్డారు.

"ఒకదానికి కాళ్ళు కూడా ఉన్నాయండీ" అన్నాడు టెక్నీషియన్.

శిరీష పాపని గుండెకి అదుముకుని నా వైపు తిరిగింది. "చెరువు నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండా ఎత్తుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను!" అని బావురుమంది. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో చెరువు కనిపించలేదు, రొయ్యలు కనిపించలేదు. నా పిల్లని నేనే చంపుకుంటున్నాననిపించింది.

మళ్ళీ ఫోన్ మోగింది. ప్రసాదు.

"అన్నా, ఇంకో విచిత్రం. చెరువు నీళ్ళ సీసాకి బేబీ పౌడర్ ఎందుకంటుకుందన్నా?"

నేను ఫోన్ వైపు చూశాను. టెక్నీషియన్ చేతిలో ఉన్న సీసా వైపు చూశాను. ఎడమ. కుడి. మతి పోయినవాడిలా వంశీకి ఫోన్ కలిపి, ఎక్కడున్నానో కూడా మరిచిపోయి అరిచాను.

"వల ఆపరా! చెరువుకేం కాలేదు! అది పాప ఉచ్చ!"

బయట హాల్లో ఏడుస్తున్న పిల్లలు కూడా ఏడుపు ఆపేశారు. అవతల వంశీ స్పీకర్ పెట్టి ఉన్నాడు. గట్టు మీద వల పట్టుకున్న జనమంతా విన్నారు. వాడు భయం భయంగా అడిగాడు.

"చెరువు నిండానా బావా?"

డాక్టరమ్మగారు తల పట్టుకుని బల్ల మీద వాలిపోయారు. భుజాలు అదరడం చూసి ఏడుస్తున్నారనుకున్నాను. చివరికి కళ్ళు తుడుచుకుని లేచి, "చెరువు గండం గడిచింది. పాప జ్వరం మాత్రం నిజం. ఇప్పుడే ఇక్కడే పట్టాలి. మీరు మాత్రం బయటికి నడవండి" అన్నారు. ఈసారి సీసా ఆవిడే పట్టుకున్నారు. నా మీసం లేదు గనక కాబోలు, పాప వెంటనే కరుణించింది.

ఇన్‌ఫెక్షనే అని తేలింది. ఆలస్యం చెయ్యకుండా మందు మొదలుపెట్టారు. మెల్లగా జ్వరం దిగి, పాప పాల కోసం పేచీ పెట్టింది. ఆ పేచీ విని శిరీషా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చేశాం. తర్వాత స్కానింగ్ తీసి కిడ్నీలు బాగున్నాయన్నారు. ప్రసాదుకి ఆ మాట చెబితే, "నాకు ఆ రోజే తెలుసన్నా! అంత అమ్మోనియా బయటికి తోసిందంటే లోపల మోటార్లు దివ్యంగా తిరుగుతున్నట్టే" అన్నాడు. అప్పటిదాకా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్న శిరీష ఫక్కున నవ్వింది.

మా ఊళ్ళో ఆ చెరువుని ఇప్పుడు అందరూ పాప చెరువు అంటారు. ఆద్య అది నిజంగా తనదేననుకుంటోంది. "నాన్నా, నా చెరువుకి ఆ పేరు ఎవరు పెట్టారు?" అని గట్టు మీద నిలబడి అడుగుతుంది. "నేనేనమ్మా, బందరు ఆస్పత్రిలో, అందరూ వినేలా" అంటాను.

కాబట్టి పాఠకులారా, ఖాళీ థర్మాకోల్ పెట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో కూతురి శాంపిల్‌నీ, చెరువు శాంపిల్‌నీ ఒకే పెట్టెలో మొయ్యను. మోయాల్సే వస్తే పేర్లు రాస్తాను. ఆ పేర్లు కూడా శిరీష చేతే రాయిస్తాను.