మిర్చి కాంటా మీద నేను

మొన్న జనగామలో కూతురింటికి పోయినప్పుడు, దగ్గు మందుకని దవాఖానకు వెళ్తే, నర్సమ్మ నన్నొక గాజు పలక మీద నిలబడమంది. ఎర్రటి అంకెలు వెలిగాయి, ఆమె చడీచప్పుడు లేకుండా రాసుకుంది. మన ఈడు వాళ్లకు కాంటా అంటే అంత మౌనంగా ఉండేది కాదు. నాకు మహబూబాబాద్ మిర్చి యార్డు గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఆ యార్డులో బస్తాలు తూచే కొలువు నాది. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటివాణ్ణి కనుక ఆ కొలువంటే ప్రాణం. అలాంటిది, నలభై నిండకముందే ముక్కు మూసుకుపోయి, నోటితో గాలి పీలుస్తూ, నాలుగు మాటలకొకసారి ఆగుతూ, కూర వాసన కూడా తెలియక ఏడుపొచ్చేది. యార్డులో ఎవరి ముక్కు చూసినా కారేదే కాబట్టి పాపమంతా మిర్చి ఘాటుదేననుకొని, కొలువు మానేస్తానని కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను.

ఆపింది మా ఇంటామె. "వానకాలంల యార్డు ఖాళీగనే ఉండె గద, అప్పుడు గూడ నీ నోరు తెరిచే ఉండె. గిది మిర్పకాయల పని గాదు, జర దవాఖానకు పో" అంది.

డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, ఘాటు వంతు కొంతేనని, పెరిగిన ఒళ్లు మెడ చుట్టూ చేరి ఊపిరి దారిని ఇరుకు చేస్తోందని, నెలనెలా తూచుకుంటూ బరువు తగ్గమని చెప్పాడు. అన్ని బస్తాలు తూచిన నేను నన్నెన్నడూ తూచుకోలేదు!

మరునాడు సిగ్గుపడుతూనే కాంటా ఎక్కాను. తేమకనీ మట్టికనీ బస్తా బరువులో కొంత తరుగు తీయడం అక్కడి పద్ధతి. ఆ తరుగు తగ్గించమని రైతులు రోజూ నన్ను బతిమాలేవారు. బస్తాలు మోసే ముసలి హమాలీ ఒకడు నా అంకెను యార్డంతా వినపడేలా చదివాడు. వెంటనే ఓ రైతు, "సారుకు తరుగు జర ఎక్కువనే తియ్యుండ్రి!" అన్నాడు. అందరితోపాటు నేనూ ఆయాసం వచ్చేదాకా నవ్వాను.

పొద్దుటి పూరీలు, ఆటో రెండూ మానేసి నడక పట్టాను. నెలకోసారి హమాలీ చదివే అంకె దిగుతూ వచ్చింది. చొక్కా మారినప్పుడల్లా ఆ కొలువు మానేసే కాగితమూ జేబు మారుతూనే ఉండేది. మరుసటి పంటకు మొదటి బస్తా విప్పగానే ఘాటు సూటిగా ముక్కుకెక్కి, ఏకబిగిన ఆరు తుమ్ములు తుమ్మాను. హమ్మయ్య, బతికిపోయాననుకున్నాను. చేతికి వేరే ఏదీ దొరక్క, ఆ కాగితంతోనే ముక్కు తుడుచుకున్నాను.

ఇప్పటికీ ముక్కు బాగానే ఉంది. గాజు పలక దిగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను, ఎవరైనా నా అంకెను గట్టిగా చదువుతారేమోనని. నర్సమ్మ తర్వాతి మనిషిని పిలిచింది.