మూడో పట్టీ

మా బావ లింగమూర్తి సైన్యంలో నాయక్‌గా రిటైరయ్యాడు. నాయక్ అంటే చొక్కా చేతి మీద రెండు పట్టీలు. హవల్దార్‌కు మూడు. ఆ మూడో పట్టీ కోసం ఆయన ఏళ్ళ తరబడి చూశాడు, కోర్సు కూడా పాసయ్యాడు. చివరికి ఒక్క ఖాళీ వచ్చింది. అది రాజమల్లుకు పోయింది. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు, ఒకే రోజు భర్తీ అయ్యారు. ఆనాడు వరుసలో రాజమల్లు ఒక మనిషి ముందు నిలబడ్డాడు కాబట్టి ఆయనే సీనియర్. నోటికాడి ముద్ద పోయిందని మా బావ ఏడవని పండుగ లేదు. వినీ వినీ నాకు విసుగు పుట్టింది.

తర్వాత ఇద్దరూ సూరత్ వచ్చి, నేను మగ్గం నడిపే ఉధనా మిల్లులోనే గేటు కాపలాకు చేరారు. ఇక్కడా రాజమల్లే సూపర్‌వైజరు, ఇక్కడా ఆయన చేతికే మూడు పట్టీలు. చాయ్ వస్తే అందరికంటే చివర తాగేవాడు. కిందివాళ్ళు తిన్నాకే పైవాడు తినాలన్నది పటాలం పద్ధతి.

"అడుగుకు చాయ్‌పత్తే మిగిలింది, తాగు హవల్దార్ సాబ్," అని మా బావ దెప్పేవాడు. ఆయన నవ్వి తాగేవాడు.

2021 ఏప్రిల్‌లో ఇద్దరికీ ఒకే వారం జ్వరమొచ్చింది. ఆక్సిజన్ పెడుతున్న ఒక హాలుకు నేనే ఆటోలో తీసుకుపోయాను. ఒక్క మంచమే ఖాళీ ఉందన్నారు.

"లింగా, నువ్వు పో," అన్నాడు రాజమల్లు.

"ఊపిరాడక నీకే దమ్ము ఎక్కువొస్తున్నది. నువ్వే పో."

"నేను హవల్దార్‌ను. గిది ఆర్డర్."

ప్రతిదానికీ పది మాటలు వాదించే మా బావ లేచి లోపలికి పోయాడు. నేను బెంచీ మీద రాజమల్లు పక్కనే ఉన్నాను. మర్నాడు పొద్దున ఇంకో మంచం ఖాళీ అయిందని పిలిచారు. అప్పటికి గంటైంది ఆయన పోయి.

మా బావ పన్నెండు రోజులకు బయటికొచ్చాడు. చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను. "ఎన్నింటికి?" అని అడిగాడు, అంతే.

జూన్‌లో ఆయన్ని సూపర్‌వైజరును చేశారు. కొత్త చొక్కా, విడిగా పట్టీలు ఇచ్చారు. అవి పట్టుకుని, మా గల్లీలో బట్టలు కుట్టే ఎల్లవ్వ దగ్గరికి పోయాడు. ఎల్లవ్వ రాజమల్లు భార్య. వేరే దర్జీ దొరకలేదా అని నాకు ఒళ్ళు మండింది. ఆమె పట్టీలు తీసుకుని మిషన్ ముందు కూర్చుంది. ఎంత ఎత్తున కుట్టాలో అడగలేదు, ఆమెకు తెలుసు.

మర్నాడు చాయ్ వచ్చింది. గార్డులందరూ తాగారు. చాయ్‌వాలా కేతలీ వంచి చూసి అయిపోయిందన్నాడు.

"నీకొక కప్పు ఆపుమని చెప్పొద్దా బావా?" అన్నాను కోపంగా.

ఆయన ఖాళీ కప్పు పట్టుకుని గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వే పో అని ఆనాడు ఒక్కసారే అన్న," అన్నాడు. "రెండోసారి అనలే."