ఆ ఒక్క మొరుగు కోసం

శ్రావణం మొదటి గురువారం, పొద్దున పదీ ఇరవైకి అక్క ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డిలోని మా ఇంటికి వచ్చింది. ఇకనుంచి ప్రతి గురువారం వచ్చి, ముచ్చట్లాడుతూనే బీడీలు చుట్టుకోవచ్చని చంకలో చాట తెచ్చుకుంది. ఆ చాటను చూసి మా పిరికి కుక్క మంచం కింద దూరి ఒకటే మొరిగింది.

"ఏందే చెల్లె, నేను దొంగలెక్క కనబడుతున్ననా? ఇది ఊకున్నంక కబురు పెట్టు, అప్పుడే వస్త," అంది అక్క.

రోజూ మా చాటలో రొట్టెముక్క పెట్టి, మొరగకపోతేనే తిననిచ్చాను. ఆరు వారాలకు ఒక్కసారి మొరిగి ఊరుకోవడం నేర్చింది. అదీ మానాలని ఇంకో మూడు వారాలు పట్టుబట్టాను.

తర్వాత కబురు పెడితే అక్క నాలుగు గురువారాలు వచ్చింది. కుక్క చాట పక్కనే కిక్కురుమనకుండా పడుకునేది. "బీడీలు చుట్టుడు గూడ నేర్పకపోయినవ్?" అని అక్క నవ్వేది. కార్తీకంలో అక్క చనిపోయింది.

పోయింది ఒక అక్క. అంతకుముందే నేను పోగొట్టుకున్నవి తొమ్మిది గురువారాలు, అందులో మూడు ఆ ఒక్క మొరుగు కోసం.