మరిది పులులు, నా మేకలు

పోయినేడు స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయినానని మా మరిది పదిమందిలో, "వదినకు మతిమరుపు వచ్చిండాది, ఇంగ ఏమీ తలకెక్కదు" అని నవ్వినాడు. మా పెనుకొండ వీధిలో పులిజూదంలో ఆయప్పను గెలిచినోళ్లు లేరు. ఆ పొద్దే పట్టుపట్టినా. అరవైనాలుగేళ్లకు వంటింటి బండల మీద సుద్దముక్కతో గీసుకొని, రాళ్లు పులులుగా, చింతగింజలు మేకలుగా ఒక్కదాన్నే రోజూ ఆడి నేర్చుకున్నా.

ఈ పొద్దు సాయంత్రం అరుగు మీద, అందరి ముందర, ఆయప్ప మూడు పులులనూ నా మేకలతో కట్టేసినా. ఒక్కదానికీ కదిలే సందు లేదు.

మొగం మాడ్చుకొని, "ఇంగొక ఆట ఆడదాం, కూర్చో వదినా" అన్నాడు.

"ఎట్లాడాల్నో మర్చిపోయినా నాయనా. మతిమరుపు కదా" అని లేచి వచ్చేసినా.

రేపు కూడా పిలుస్తాడు. ఇంగ ఎన్ని దినాలు మర్చిపోమంటారు, మీరే చెప్పండి.