చిన్నమ్మ వంతు స్తోత్రం

బోధన్ పక్కన మా ఊరి చర్చిలో దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేస్తే జనం వాళ్లను ఊపిరి తీసుకోనివ్వరు. మాట మాటకీ అందరూ కలిసి "స్తోత్రం" అంటారు. జ్వరం తగ్గిందంటే స్తోత్రం, కాలువకు నీళ్లొచ్చాయంటే స్తోత్రం. పొగడ్త అని దాని అర్థం. ఇంట్లో పోయిన కరెంటు వచ్చినా మా అవ్వ అదే అంటుంది. కన్నతల్లి కాబట్టి ఏమీ అనలేను గానీ, ఆ పొగడ్తలో కరెంటోళ్లకూ కొంత వాటా ఇవ్వాలి.

నేను నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఉంటాను. ఆదివారం బస్సెక్కి ఊరికి పోయేది భక్తితో కాదు, అవ్వ పోరు పడలేక. వెనక గోడకు ఆనుకొని చాప మీద కూర్చుంటాను. అందరూ అన్నప్పుడు పెదవులు కదుపుతాను.

కొన్నేళ్ల కింద మా చిన్నాయనకు, అంటే అవ్వ చెల్లెలి భర్తకు, కిడ్నీలు చెడిపోయాయి. చెరుకు ట్రాక్టరు నడిపే మనిషి మంచం పట్టాడు. చర్చంతా ఉపవాసముండి ప్రార్థించింది. అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పింది చిన్నమ్మే. దవాఖానలో మంచం పక్కన కూడా చెప్పేది. నర్సులు తిరిగి చూసేవారు. ఆయన బతకలేదు.

సమాధి చేశాక వచ్చిన ఆదివారం, సాక్ష్యాల వేళ చిన్నమ్మ లేచి నిలబడింది.

"మీరందరు మా కోసం ప్రార్థన చేసిండ్రు."

"స్తోత్రం."

"నేను గూడ తిండి మానేసి చేసిన."

"స్తోత్రం."

"అయినా మా ఆయన పాణం పోయింది."

"స్తోత్రం" అనేశారు జనం.

అలవాటు పడ్డ నోళ్లు. అన్నాక గానీ ఏమన్నారో వాళ్లకే తెలియలేదు. కొందరు తలలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. లేచి బయటికి పోదామనుకున్నాను.

చిన్నమ్మ మాత్రం కోపగించుకోలేదు. "మిమ్ముల ఏమంటలేను. ఆయన పోయిన కాన్నుంచి గా మాట నా నోట్లకెల్లి వస్తలేదు. ఈడ అందరి నడుమ వస్తదేమో అని లేసిన. వస్తలేదు. గా మాట రానిదాన్ని చర్చికి రావచ్చునా, అయ్యగారూ?"

పాస్టరుగారు తగిన వాక్యం కోసం బైబిలు తిప్పసాగారు. అది ఆయనకు దొరికేలోపే అవ్వ చెల్లెలి కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"కూసో. నీ వంతు నేనంట," అంది.

ఆ రోజు నుంచీ అవ్వ ప్రతిసారీ రెండుసార్లు అంటుంది. జనం అని ఊరుకున్నాక ఇంకొకటి ఒంటరిగా వినిపిస్తుంది. మొదట్లో పిల్లలు నవ్వారు. చిన్నమ్మ ఆమె పక్కనే నోరు మూసుకొని కూర్చుంటుంది. ఒక్క ఆదివారం మానలేదు. పొగడ్త అనే అర్థం ఆ రెండోదానికి సరిపోదు. సరిపోయే మాట నాకింకా దొరకలేదు.

మొన్న వానలకు అవ్వ గొంతు పూర్తిగా పోయింది. ఎవరో తమ బిడ్డ పెళ్లి కుదిరిందని సాక్ష్యం చెప్తే అందరూ స్తోత్రం అన్నారు. అవ్వ పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. అప్పుడు చిన్నమ్మ ఎదురుగా చూస్తూనే "స్తోత్రం" అంది.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను: "చిన్నమ్మా, ఇగ మాట వచ్చినట్టేనా?"

"గది మీ అవ్వది," అంది చెప్పులు తొడుక్కుంటూ. "నాది ఇంకా రాలే."