టర్బో లేని బండి

అరవై దగ్గరపడుతుండగా మావారికి స్పోర్ట్స్ కారు మీద మనసు పుట్టింది. ఇద్దరు మాత్రమే కూర్చునే బండి. మా ఇంట్లో ఏ పెళ్లికి బయల్దేరినా ఒకే కారులో ఏడుగురం ఇరుక్కుని, ఒళ్లో చీరల సంచులు పెట్టుకుని వెళ్లడం అలవాటు. మీ అక్కగారొస్తే డిక్కీలో కూర్చోబెడతారా అండీ అన్నాను. ఆయన నవ్వలేదు. సరదాకి అడగడం లేదని అప్పుడు అర్థమైంది.

మాది తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు. ఆయన ఇంజన్ల చప్పుడులోనే పుట్టి పెరిగారు. పెళ్లయిన కొత్తలో అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయేవారు. మిల్లులో బెల్టు వదులైంది అంటూ లేచి వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. నిజంగానే వదులై ఉండేది, అది ఇంకా మంట. పెళ్లిచూపుల్లో నేను పాడిన పాట ఆయనకి గుర్తులేదు గానీ, ఆ రోజు మా నాన్న స్కూటరు ఎలా దగ్గిందో మాత్రం ఇప్పటికీ చెబుతారు.

అలాంటి చెవులు పోతున్నాయని ముందు పట్టిచ్చింది ధాన్యం. మా వ్యాపారంలో ధాన్యం ఆరిందో లేదో తెలియాలంటే గింజని పంటి కింద పెట్టి కొరుకుతారు. ఎండిన గింజ టక్కుమని విరుగుతుంది, పచ్చిది మెత్తగా నలుగుతుంది. తేమ చూసే మీటరు మిల్లులో ఉంది, కానీ మావారికి ఆయన పన్ను మీదే నమ్మకం. పోయిన దాళ్వా పంటకి పెంటపాడు నుంచి వచ్చిన ధాన్యం కొరికి చూసి, బాగా ఆరింది, దింపించెయ్యండి అన్నారు. కొన్నాళ్లకే బస్తాలు వేడెక్కి గోడౌనంతా ముక్కవాసన. నేను వెళ్లి ఒక గింజ కొరికి చూశాను. చప్పుడే లేదు. ఆయనా ఒకటి కొరికి నా వంక చూసి, టక్కుమనడం వినపడక చాలా రోజులైంది, పంటికి తెలిసినదాన్ని బట్టి చెప్పేస్తున్నాను అన్నారు.

ఏలూరులో డాక్టరుగారు పరీక్ష చేసి, సన్నని శబ్దాలు ముందు పోతాయండీ, లావువి నెమ్మదిగా పోతాయి, ఎంతకాలం అన్నది చెప్పలేం అన్నారు. చెవి మిషను ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు ఏడుపు ఆపుకోలేక, పెళ్లాం గొంతు ముందు పోయే జబ్బు మీకే రావాలా అని దెప్పాను. నీ గొంతు లావేలే, చివరిదాకా ఉంటుంది అన్నారు. కారు మాట ఎత్తింది ఆ మర్నాడే.

ఏలూరులో మా తమ్ముడికి పాత కార్ల వ్యాపారం. వాడి దగ్గర అలాంటివి రెండున్నాయి. ఎర్రదానికి టర్బో ఉంది, బూడిదరంగుదానికి లేదు. తేడా ఏంట్రా అంటే వాడే చెప్పాడు. టర్బో అన్నది పొగగొట్టంలోకి పోయే పొగతోనే చిన్న ఫ్యాను తిప్పి ఇంజన్లోకి గాలి కుక్కుతుందట. కాలు నొక్కగానే బండిని లాక్కుపోతుంది, కానీ చప్పుడు గొంతు నొక్కినట్టుంటుంది. టర్బో లేనిది తన గాలి తానే పీల్చుకుంటుంది. నెమ్మదిగా అందుకుంటుంది గానీ, ఇంజను తిరిగేకొద్దీ దాని గొంతు పైకి పైకి లేస్తుంది. మావారికి కావలసింది ఆ గొంతు.

తమ్ముడు నన్ను పక్కకి పిలిచాడు. "అక్కా, వినపడని మనిషి చప్పుడు కోసం బండి కొనడమేంటి? టర్బో అయితే ఆ లాగుడు వీపుకి తెలుస్తుంది, దానికి చెవులక్కర్లేదు," అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. అందుకే వాణ్ణి నాలుగు తిట్టాను.

ముందు ఎర్రది తీశాం. ఇద్దరికే చోటు కాబట్టి తమ్ముడు షెడ్డు దగ్గరే ఉండిపోయాడు. దెందులూరు వైపు హైవే ఎక్కాక, నీళ్లు కార్చుకుంటూ పోతున్న చేపల లారీని దాటడానికి ఆయన కాలు నొక్కారు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది. ఆయనా బాగుందన్నారు, పెళ్లివారి కూరని మొహమాటానికి బాగుందన్నట్టు.

మర్నాడు పొద్దున్నే బూడిదరంగుది. పెదపాడు దాటి కొల్లేరు వైపు, చేపల చెరువుల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన చెవి మిషను తీసి నా చేతిలో పెట్టారు. దాంతో వింటే అన్ని చప్పుళ్లూ రేకుడబ్బాలో రాళ్లు పోసినట్టుంటాయట. నా గుప్పిట్లో అది సన్నగా కీచుమంటూనే ఉంది. పక్కనే ఉన్న ఆయనకి ఆ సంగతి తెలియలేదు.

ఇంజను ముందు గురక పెట్టింది. తరవాత చప్పుడు సన్నబడుతూ, గట్టిపడుతూ పైకి లేచింది. ఆయన మొహంలో, బెల్టు కోసం చెవి రిక్కించిన నా పాత మనిషి కనిపించారు. అలా వెళ్తూ వెళ్తూ ఉండగా ఆ మొహం చిన్నబోయింది. ముందున్న మీటరులో ముల్లు ఇంకా పైకి పోతూనే ఉంది.

"ఆగిపోయిందా?" అన్నారు.

"లేదండీ. ఇంకా పైకి వెళ్తోంది."

కాలు తీసేశారు. బండిని గట్టు పక్కన ఆపి, చేపలకి గాలి అందేలా చెరువులో నీళ్లు చిమ్ముతున్న చక్రాల వంక చూస్తూ కూర్చున్నారు. ఎర్రదే తీసుకుందాం, మీ తమ్ముడు చెప్పింది నిజమే అన్నారు. తమ్ముడి మాట ఆయన చెవిన పడిందని నాకు అప్పుడే తెలిసింది. వినపడకూడనివి మాత్రం ఎలా వినపడతాయో!

అది కోపమో ఏడుపో నాకే తెలియదు. ఇన్నేళ్లూ మీ ఇంజన్ల గోల భరించాను, మీకోసం చల్లారిన అన్నం తిన్నాను, ఇప్పుడు నోరు లేని బండి తెచ్చి నా మొహాన కొడతారా అని అరిచాను. తరవాత మిషను నేనే ఆయన చెవిలో పెట్టి నిమ్మళంగా చెప్పాను.

"మీకు వినపడినంత మేర మీరు వినండి. ఆ పైన నేను వింటాను."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

బూడిదరంగు బండే ఇంటికొచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. మిల్లు ముందు స్పీడు బ్రేకరుకి అడుగు రాసుకుంటుందని ఇప్పటికీ పక్కవాటుగా ఎక్కిస్తాం. ధాన్యం వస్తే ఆయన ఒక గింజ కొరికి ఇంకోటి నాకిస్తారు, ఆరిందో లేదో నేను చెబుతాను. మీటరు మూలనే పడి ఉంది.

ఆదివారం పొద్దున్న కొల్లేరు రోడ్డు మాది. చప్పుడు పైపైకి వెళ్లి ఇక చాలు అనిపించిన చోట నేను చెయ్యి ఎత్తుతాను, ఆయన గేరు మారుస్తారు. ముల్లు చూసుకోవచ్చుగా అంటే, దానికేం తెలుసు అంటారు. తిరిగొచ్చేటప్పుడు, తనకి వినపడని ఆ పైన చప్పుడు ఎలా ఉందని అడుగుతారు. ఆగకుండా వాగే నాకు అప్పుడు మాటలు దొరకవు. ఒకసారి మాత్రం, కరెంటు పోయి వచ్చాక మిల్లులో మోటార్లన్నీ ఒకటొకటిగా అందుకున్నట్టుందండీ అన్నాను. ఆ రోజంతా ఆయన కాలు నేల మీద నిలవలేదు.

మొన్న ఆదివారం నేను చెయ్యి ఎత్తకముందే గేరు మార్చేశారు, సరిగ్గా ఆ చోటే. వినపడిందా అండీ అని చెవి దగ్గర అరిచాను.

"లేదు. నీ మొహం చూశాను," అన్నారు.

ముందు రోడ్డు చూసి నడపండి అని కసిరాను. అది మాత్రం బాగానే వినపడినట్టుంది, నవ్వారు.