కాళ్ళకు చెప్పని సంగతి

నగరిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయనకు ఎనభై ఏళ్ళుంటాయి. బస్సు కదిలిన దగ్గర్నుంచీ ఆయన పాదాలు ఒకదాని తర్వాత ఒకటి కింద తొక్కుతూనే ఉన్నాయి. నాకూ మోకాలి నొప్పి ఉంది కదా, జాలేసింది. కాళ్ళు చాపుకోమని కొంచెం జరిగాను.

ఆయన నవ్వాడు. "జబ్బు కాదప్పా, నేస్తా ఉండా. మగ్గం అమ్మేసి నాలుగేండ్లయింది. ఆ సంగతి కాళ్ళకు సెప్పలే."

తొమ్మిదేళ్ళప్పుడు తొలిసారి మగ్గం గుంటలోకి దిగితే, తొక్కే చెక్కలు ఆయన కాళ్ళకు అందలేదట.

"మా నాయన వాటి మింద రెండు కట్టె ముక్కలు కట్టినాడు. అట్ల తొక్కి తొక్కి ఒక తువ్వాలు నేసినా. అంచులన్నీ వంకర. మా నాయన దాన్నే తలకు సుట్టుకోని సంతకు పొయినాడు సూడు!"

చెబుతుంటే ఆయన కాళ్ళు ఇంకా జోరందుకున్నాయి. అంతలో నేను నిమురుకుంటున్న మోకాలి వైపు చూశాడు.

"నువ్వూ తొక్కప్పా. కుడికాలు ముందు."

సిగ్గుపడుతూనే మొదలుపెట్టాను.

"నిదానం, నిదానం. పోగు తెగతాది."

పుత్తూరు దాటేదాకా ఇద్దరం నేశాం. తిరుపతిలో దిగేటప్పుడు సాయంగా చెయ్యి చాపాను. ఆయన చూడనైనా చూడకుండా చకచకా దిగి వెళ్ళిపోయాడు.

డాక్టరు రాసిచ్చిన వ్యాయామాల కాగితం ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. రోజూ పొద్దున కుర్చీలో కూర్చుని తువ్వాలు నేస్తున్నాను. అంచులు ఇంకా వంకరే. మోకాలు మాత్రం మాట వింటోంది.